పిచ్చుకకు వచ్చిన ఏడో ఎక్కం

మూడో తరగతి టీచరమ్మకు గొంతు పూర్తిగా పోయింది. "వారం రోజులు పెదవి విప్పకండి, గుసగుసలు కూడా వద్దు," అన్నాడు డాక్టరు. సెలవు పెట్టమని భర్త బతిమాలాడు. ఇంట్లో కూర్చుంటే ఏమీ తోచదని ఆమె బడికే బయల్దేరింది.

కానీ ఎక్కాలు చెప్పేదెలా? రోజూ ఆమె అంటే పిల్లలు అందుకునేవారు. గది పైకప్పు ఎగిరిపోయేది. ఆ గోలలో పిచ్చుక మాత్రం ఉత్తినే పెదాలు కదిపేది. చివరి బల్ల మీద కూర్చునే ఆ పిల్ల పిట్టంత ఉంటుంది కాబట్టి అందరూ అలాగే పిలిచేవారు. రెండో ఎక్కం గలగలా అప్పజెప్పేది. ఏడో ఎక్కం పేరెత్తితే చాలు, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

ఆ రోజు టీచరమ్మ పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్ళి, కొందరిని నలుగురేసి చొప్పున మూడు వరసల్లో నిలబెట్టింది. మిగతావాళ్ళను ఎదురుగా నిలబడి చూడమని సైగ చేసింది.

"మూడు నాలుగుల పన్నెండు!" అని అరిచారు వాళ్ళు.

ఆమె వాళ్ళ భుజాలు పట్టి మెల్లగా పక్కవైపుకు నడిపించింది.

"ఒరేయ్, ఇక్కణ్ణుంచి ముగ్గురేసి కనిపిస్తున్నారు! నాలుగు వరసలు!" అంది పిచ్చుక.

"మేం కదల్లేదు కదే!" అన్నాడు వరసలో ఉన్న ఒకడు, నింద తన మీద పడుతుందేమోనని.

పిచ్చుక వేలు నోట్లో పెట్టుకుని ఆలోచించింది. తర్వాత వచ్చి టీచరమ్మ చెయ్యి పట్టి లాగింది.

"అయితే టీచర్, ఏడు రెళ్ళ అన్నా, రెండు ఏడుల అన్నా ఒకటేనా?"

ఆమె తలూపింది.

"రెండో ఎక్కం నాకొచ్చుగా! అంటే ఏడో ఎక్కం కొంచెం నాకు ముందే వచ్చన్నమాట!"

భేష్ అనబోయి టీచరమ్మ నోరు తెరిచింది. "టీచర్, మాట్లాడకూడదు!" అని పిల్లలంతా ఒక్కసారిగా కేకేశారు. ఆమె నవ్వాపుకోలేక, పిచ్చుక మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది.

సాయంత్రం గేటు దగ్గర పిచ్చుక పక్కనే టీచరమ్మ కనపడేసరికి, తల్లి మొహం పాలిపోయింది. ఆవిడ బట్టలు కుడుతుంది. "మళ్ళీ ఏం చేసిందండీ మా పిల్ల?"

టీచరమ్మ ఏం లేదన్నట్టు కంగారుగా చేతులూపింది.

"టీచర్‌కి గొంతు బాలేదమ్మా. నేను చెప్తానుండు," అంటూ తల్లి సంచిలోంచి గుండీల డబ్బా లాగింది పిచ్చుక. మెట్టు మీద రెండేసి చొప్పున ఏడు వరసలు పేర్చింది.

"ఇంటికెళ్ళాక చూపిద్దువుగానిలేవే."

"ఊహూఁ, ఇప్పుడే. ఇటొచ్చి చూడు. చూశావా? ఇప్పుడు అటెళ్ళు."

తల్లి అటు వెళ్ళి వంగింది. "ఔనే! ఇట్నించి రెండే వరసలు!" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

టీచరమ్మ కూడా వాళ్ళ పక్కనే కూర్చుంది. పిచ్చుక గుండీలన్నీ కలిపేసి, డబ్బాలోంచి ఇంకొన్ని తీసి, ఈసారి మూడేసి పేర్చడం మొదలుపెట్టింది. లేవాలన్న తొందర ముగ్గురిలో ఎవరికీ లేకపోయింది.