మట్టం కలిస్తేనే తలుపు

మూడో పురుగుకి ముడి బిగించేసరికి గదిలో నీళ్ళు మోకాళ్ళు దాటుతున్నాయి. పురుగుకి జానెడు చొప్పున పెరుగుతున్నాయి, ఎక్కువా లేదు తక్కువా లేదు. చల్లటి నీళ్ళు, అడుగున గచ్చు మీది బీటలు కూడా కనబడేంత తేట. మన కాలవ నీళ్ళు కావివి. అయినా కాలవ కట్టేసి పది రోజులైంది, గట్టు కింద ఎండిన బురదలో మేకలు తిరుగుతున్నాయి.

వీధి తలుపు ఉండే చోట ఇప్పుడు లాకు తలుపులున్నాయి. రెండు టేకు రెక్కలు, తారు పూసినవి. వాటిని చూసి నేను కంగారు పడటం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు వాటితోనే కాపురం చేశాను. పడవ లాకులోకి రాగానే వెనక తలుపు వెయ్యాలి, నీళ్ళు పెంచడమో దించడమో చెయ్యాలి, రెండు పక్కలా మట్టం కలిశాక ముందు తలుపు తియ్యాలి. అదీ నా ఉద్యోగం. మట్టం కలవకుండా తలుపు తీసినవాడు ఈ కాలవ మీద లేడు. ఉంటే వాడి పడవ ఇంకా దొరకలేదు.

కుర్చీ తేలుతోంది, దాని ముందు బల్ల తేలుతోంది. చెప్పులు ఎటో పోయాయి. నాలుగో పురుగు మొదలుపెడతాను.

ఇవి నిజం పురుగులు కావు. చిన్న గాలపు కొక్కేనికి మైనం రాసిన పట్టుదారం చుట్టి, డేగ కోడిపుంజు మెడ ఈక కట్టి చేసే దొంగపురుగులు. స్కాట్లండు సెలయేళ్ళలో ట్రౌట్ అనే చేప వీటిని చూసి నోరు తెరుస్తుందట. మా పాత ఇంజనీరు భీమశంకరం గారు ఏటా అక్కడికి చేపలు పట్టడానికి వెళ్తారు. ఈసారి నన్నూ రమ్మన్నారు. టిక్కెట్టు ఆయనే తీశారు. షరతు ఒక్కటే. పన్నెండు పురుగులు, పాతకాలం పద్ధతిలో, పట్టుకారు సాయం లేకుండా వేళ్ళ మధ్యే కట్టి తేవాలి. ఒకటి తగ్గినా ప్రయాణం లేదు.

"పురుగు అచ్చం పురుగులా ఉండక్కర్లేదోయ్ ముత్యాలూ," అంటున్నారాయన ఫోనులో. "చేప మనసులో ఏముందో అలా ఉండాలి. అంతే. అదే వచ్చి మింగుతుంది."

"గదిలోకి నీళ్ళొస్తున్నాయండి," అంటాను.

"పురుగులు కడుతుంటే నీళ్ళు రాక మజ్జిగొస్తుందా? కానియ్ కానియ్," అని పెట్టేస్తారు.

అదీ నిజమే. నాలుగోది పూర్తవుతుంది. నీళ్ళు కిటికీ దాకా వస్తాయి.

కిటికీ తెరిచే ఉంది గానీ చుక్క బయటికి పోదు. నీళ్ళు ఊచల దగ్గర అద్దంలా నిలబడతాయి. నీరు పల్లమెరుగు అంటారు. ఈ నీటికి ఆ చదువు అబ్బలేదు. అవతల ఎండలో మా ఆవిడ వరహాలమ్మ నా పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. పెట్టెలో స్వెట్టరూ, రెండు సీసాల ఆవకాయా సర్దింది.

"టాక్సీ వచ్చి గంటయిందండీ. తలుపు తియ్యండి."

"మట్టం కలవలేదే."

"కాలవలో చుక్క నీళ్ళు లేవు, ఇంక మట్టమేంటండీ బాబూ! పెళ్ళికెళ్తా పిల్లిని చంకనెట్టుకెళ్ళినట్టు ఆ పురుగులెందుకు మీకు?"

"నీకు తెలీదు, ఊరుకో."

"ఆయ్, నాకు తెలీదు. పెళ్ళైన కాణ్ణించీ అదే మాట. పోనీ ఒకటి విప్పండి. జానెడు దిగుద్ది కదా."

లెక్క సరైనదే. నాలుగో పురుగుని వెలుగులో పట్టుకుని దారం కొస కోసం వెతుకుతాను. చివర ఏడు చుట్లు చుట్టి, ఆ చుట్ల కిందనుంచే దారాన్ని లాగి కోసేస్తాం. బాగా కట్టినదానికి కొస కనబడదు. నా కర్మ కాకపోతే, నేను బాగా కట్టాను. గోటితో గీరతాను, పంటితో లాగుతాను. రాదు. భయం వేస్తోంది. ఆ మాట వరహాలుతో అనను.

ఇక చేసేదేముంది, ఐదోది కడతాను. ఆరోది కడతాను. ఆరోదానికి ట్రౌట్లు వస్తాయి.

నాలుగు చేపలు. ఒంటి మీద ఎర్రచుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ తెల్లటి అంచు. తనిఖీకి వచ్చిన ఆఫీసర్లలా బల్ల ముందు వరసగా ఆగుతాయి. నా పురుగుల వంక చూడనైనా చూడవు. పెద్దది నన్నే చూస్తుంది.

"మీకేమిష్టమండీ?" అని అడుగుతుంది. బట్టల కొట్లో గుమస్తా అడిగినంత మర్యాదగా అడుగుతుంది.

ముప్పై ఒక్క ఏళ్ళలో నన్నెవరూ అలా అడగలేదు. దాచుకోవడం దేనికని చెప్పేస్తాను. "ఎంతమందికో తలుపులు తీశానండి. పడవవాళ్ళు చెయ్యి ఊపేవారు, వెళ్ళిపోయేవారు. నేను ఈ లాకు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నేను పడవలో కూచుని ఉండాలి. ఇంకొకరు లాకు చక్రం తిప్పాలి."

"కుర్చీ ఎటు తిరిగి ఉండాలి?"

"ముందుకే."

పెద్దది తల ఊపుతుంది. తర్వాత అవి ఒక్కొక్కటీ అడుగుతాయి, నేను ఇస్తాను. మూలనున్న పాత తలుపు చెక్క. పదవీ విరమణ రోజున కప్పిన శాలువా. పచ్చ జెండా. ఇంజనీరు గారు లాంచీలో తనిఖీకి వెళ్ళేటప్పుడు నేను మోసుకెళ్ళి వేసే కేను కుర్చీ. నా మిగులు దారం, పాత కత్తెర, పన్నెండింటికి పోగా మిగిలే పుంజు ఈకలు కూడా. అన్నీ బల్ల కిందికి తీసుకుపోతాయి. అక్కడ ఏదో కట్టుకుంటున్నాయి. పరాయి ఊరు వచ్చినవాళ్ళు, కాలక్షేపం ఉండొద్దూ.

తొమ్మిదోది అయ్యేసరికి కిటికీ పూర్తిగా మునిగిపోతుంది. వరహాలమ్మ నిచ్చెన వేసుకుని పై వెంటిలేటరు దగ్గరికి వస్తుంది.

"వాటికెందుకిచ్చారండీ ఆ సామానంతా?"

"అడిగాయి, ఇచ్చాను."

"నేను ముప్పయ్యేళ్ళ బట్టీ వంటింట్లో ఓ అలమారా అడుగుతున్నాను."

పదోది కడతాను. పదకొండోది కడతాను. తల పంకా రెక్కలకి తగులుతోంది, వంచుకుని కూచుంటాను. తలుపులు ఎక్కడో నా కాళ్ళ కింద లోతున ఉండిపోయాయి. పన్నెండోదానికి ఏడు చుట్లూ చుట్టి, కొస లాగి, కోసి, పొడుం డబ్బాలో పెట్టి మూత వేస్తాను. వీపు కప్పుకి ఆనుతోంది. పన్నెండూ అయ్యాయి. ఇప్పుడు వెళ్ళచ్చు. వెళ్ళడానికి దారి లేదు.

అప్పుడు బల్ల కిందనుంచి ఒక పడవ వచ్చి నా చేతి పక్కన ఆగుతుంది.

చిన్న పడవ, సరిగ్గా ఒక మనిషికి. పాత తలుపు చెక్కతో చేసింది. కేను కుర్చీ ముందుకు తిరిగి ఉంది, దాని మీద నా శాలువా పరిచి ఉంది. కొసన పచ్చ జెండా. ముక్కు చుట్టూ డేగపుంజు ఈకలు ఒకే వాలున నిలబడ్డాయి. ఈకల మొదట్లో పట్టుదారం, ఏడు చుట్లు. కొస కోసం వెతుకుతాను. కనబడదు. వంక పెట్టడానికి లేదు.

"ఏవండీ, ఎక్కకండి!" వరహాలమ్మ కేకవేస్తుంది. "కింద చూడండి, కొక్కెం! అంత కొక్కెం కనబడట్లేదా మీకు?"

చూస్తాను. అడుగునుంచి వంపు తిరిగి కుర్చీ ముందుకి వచ్చింది, మొన నా మూతికి అందే ఎత్తులో ఉంది. దాని చివర కట్టిన తాడు తిన్నగా నీళ్ళలోకి దిగింది. అటు కొసన పెద్ద ట్రౌట్ ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

"కనబడుతోంది వరహాలూ."

"మరి?"

"కుర్చీ ముందుకి తిప్పి వేశారే."

ఆమె ఏడుస్తోంది. వెంటిలేటరులోంచి చెయ్యి చాపి నా చొక్కా పట్టుకుంటుంది. నేను ఒక్కో గుండీ విప్పి, చొక్కా ఆమె చేతిలోనే వదిలి, పొడుం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచుంటాను. కుర్చీ నాకు సరిగ్గా సరిపోతుంది. పై పెదవి లోపల ఏదో చల్లగా దిగుతుంది. పెద్దగా నొప్పి లేదు.

మూడు చేపలు చక్రం తిప్పుతున్నాయి. కిర్రుమనే ఆ చప్పుడు నాకు బాగా తెలుసు, ఇంతకాలం పైనుంచే విన్నాను. తలుపులు ఇప్పుడు గోడలో లేవు, నేలలో ఉన్నాయి. రెండు రెక్కలూ కిందికి తెరుచుకుంటున్నాయి. వాటి అవతల, చాలా లోతున, ఎండిన కాలవ కనబడుతోంది.

మట్టం కలవలేదు. ఆ సంగతి ఇక్కడ నాకొక్కడికే తెలుసు. తాడు బిగుస్తుంది, పడవ ముక్కు కిందికి వంగుతుంది. బురదలో మేకలు మేత ఆపి తలలెత్తి చూస్తున్నాయి. నేను పడవవాళ్ళలాగే వాటికి చెయ్యి ఊపుతాను.