అన్న ఉన్న దిమ్మ

ఆ పొద్దున ఆకాశం కురవలేదు, తెరిపీ ఇవ్వలేదు. బూడిద రంగులో కిందికి వేలాడుతూ ఉండిపోయింది. మూతపడిన ఇనుప కర్మాగారాన్ని మ్యూజియం చేశారని విని, మరిది తన వదినను వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకప్పుడు ఆయనా, ఆయన అన్నా ఇక్కడే కొలిమి దగ్గర పనిచేశారు. అన్న కరిగిన ఇనుములో పడిపోయాడు. ఇంటికి తీసుకెళ్లడానికి ఏమీ మిగలలేదు. ఆ ఇనుమును అమ్మడానికి పనివాళ్లకు మనసొప్పక, దిమ్మగా పోసి షెడ్డు మూల ఉంచారు. బయటివాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదు గనుక వదిన దాన్ని ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడా షెడ్డులో నల్లరంగు పూసిన దిమ్మలు వరుసగా ఉన్నాయి. చూడవచ్చినవాళ్లు వాటి మీద కూర్చుని సేదతీరుతున్నారు.

"మీ అన్న ఏడయ్యా?" అని అడిగింది వదిన.

మరిది వంగి ఒక్కో దిమ్మనూ తడిమాడు. రోజూ పోసిన దిమ్మలకు పెట్టినట్టే అన్న దిమ్మకూ సుద్దముక్కతోనే గుర్తు పెట్టారు; అదిప్పుడు నల్లరంగు కింద కనబడదు. ఉలితో చెక్కాలని ఒక్కరికీ తోచలేదు.

"తెలియడం లేదు వదినా," అన్నాడు.

ఆమె ఆ వరుస పొడవునా నడిచి వెనక్కి వచ్చింది.

"బతికుండగా ఒక్కచోట కుదురుగా ఉన్నాడు గనకనా! ఇప్పుడూ వెతికిస్తున్నాడు," అంది చివరికి.

"కాళ్లు లాగుతున్నాయేమో, కాసేపు కూర్చో వదినా."

"దేని మీద కూర్చోమంటావు?"

ఆమె దిమ్మల పక్కన నేల మీదే చతికిలబడి, వెంట తెచ్చిన అన్నం గిన్నె మూత తీసింది. ఆయనా నేల మీదే కూర్చున్నాడు. ఇద్దరూ ఆ గిన్నెలోంచే తిన్నారు.