పైడమ్మ కంట్లో నా కాపురం

నేను ఒక నూనెబొట్టును. పోపుకూ పనికిరాను, దీపానికీ పనికిరాను. ఇసుకలోంచి తీసిన సిలికాన్‌ను ఏవేవో రసాయనాలతో కలిపి మనుషులు నన్ను చేశారు. నాకు రంగు లేదు, వాసన లేదు. నీళ్లలో కలవను, పైకి తేలతాను. దేనితోనూ తొందరపడి చుట్టరికం కలుపుకోను. నా దాయాదులు కొందరు షాంపూల్లో చేరి జుట్టును నునుపు చేస్తారు. నన్ను మాత్రం శుద్ధి చేసి విశాఖలోని ఒక కంటి ఆసుపత్రికి పంపారు. కంట్లో నలుసు పడితేనే గంతులేసే మనుషులు నన్ను కంటినిండా నింపుకుంటారని అక్కడే తెలిసింది.

పలాసలో జీడిపప్పు ఏరే పైడమ్మ కుడికంట్లో నన్ను నింపారు. గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు వేరు చేయడం ఆమె పని. ఎడమకన్ను చిన్నప్పుడే పోయింది. ఇప్పుడు కుడికంట్లో చూపునిచ్చే వెనకపొర ఊడింది. డాక్టరు దాన్ని సర్ది, అది అతుక్కునేదాకా నన్ను కాపలా పెట్టి, ఎప్పుడూ బోర్లానే పడుకోమని చెప్పి ఇంటికి పంపాడు. ఆమె బోర్లా పడుకుంటే నేను కంటి వెనక్కి తేలి పొరను అదిమి పడతాను. వెల్లకిలా తిరిగితే ముందుకు వచ్చేస్తాను. నా స్వభావమే అంత.

పైడమ్మ అత్త దాలమ్మ చెడ్డదేమీ కాదు. కోడలికి గంజి తన చేత్తోనే పట్టేది. కానీ ఆ బోర్లా పడక మాత్రం ఆమెకు గిట్టేది కాదు.

"ఓలమ్మా, బోర్లా తొంగోడమేటే? ఇంటికి అరిష్టం!"

"డాట్రు బాబు సెప్పినాడత్తా."

"మనింటి మంచీ సెడ్డా ఆయనకేటి తెలుస్తాది?"

మధ్యాహ్నం కోడలికి కునుకు పట్టగానే దాలమ్మ మెల్లగా వచ్చి, పసిబిడ్డను తిప్పినట్టు వెల్లకిలా తిప్పేది. నేను ముందుకు తేలిపోయేదాన్ని. వెనక పొర అంచు వదులయ్యేది. అరుద్దామంటే నాకు నోరేది?

ఒకరోజు అలా తిప్పగానే పైడమ్మకు మెలకువ వచ్చింది. అత్త చెయ్యి తన నుదుటి చెమట తుడుస్తోంది. నిద్రపోతున్నట్టే కళ్లు మూసుకుంది. అత్త అటు వెళ్లాక మళ్లీ బోర్లా తిరిగింది. కానీ నిద్ర గట్టిగా పట్టిన రోజులే ఎక్కువ.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు చూసి నిట్టూర్చాడు. "పొర మళ్లీ లేచిపోయింది. ఇక అతకదు, చూపూ రాదు. నూనె తీసేద్దాం. చెప్పినట్టు బోర్లానే పడుకున్నావా అమ్మా?"

"తొంగున్నాను బాబూ," అంది పైడమ్మ.

బయట బల్ల మీద దాలమ్మ కోడలిని పట్టుకుని బావురుమంది. "సెప్పినానా నేదా? బోర్లా తొంగుంటే అరిష్టమని?"

పైడమ్మ తడుముకుంటూ అత్త చెయ్యి అందుకుంది.

"అవునత్తా. సెప్పినావు."

నన్ను తీసేశారు. ఇప్పుడు ఆసుపత్రి చెత్తసంచిలో ఉన్నాను. దేనితోనూ కలవనిదాన్ని, అయినా బాధగానే ఉంది. పొర ఎందుకు లేచిందో తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు చెప్పరు, ఒకరికి నోరు లేదు.