చిటికను పరీక్షించిన మనిషి

“పీకింది నేనే. చట్నీ చెయ్యొద్దా మరి?” అంది శశికళ, మిక్సీ మూత బిగిస్తూ.

“చెయ్యొద్దని ఎవరన్నారక్కా? ఒక మాట చెప్పి పీకాల్సింది. ఈ లాప్‌టాప్‌కి బ్యాటరీ నిలవదు. చార్జర్ తీస్తే ఆగిపోతాది. రాసిందంతా పోయింది,” అంది నేత్రావతి.

“రాయడానికి పొద్దున్నే దొరికిందా నీకు? నాకు బస్సు టైమవుతోంది.”

“హాల్లో ఇంకో ప్లగ్గు ఉండాది గదమ్మా,” అంది అత్త నంజమ్మ, వెల్లుల్లి ఒలుస్తూ.

“దానికి టీవీ ఉండాదత్తా,” అన్నారు తోటికోడళ్ళిద్దరూ ఒకేసారి. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇల్లున్న కాడుగోడి నుంచి వైట్‌ఫీల్డ్‌లోని ఆఫీసు దగ్గరే అయినా ట్రాఫిక్‌లో దూరం. బస్సులో నిలబడి శశికళ ఆ ‘రాసిందంతా’ అన్న మాటనే తలుచుకుని విసుక్కుంది. పాప పుట్టాక నేత్రావతి ఉద్యోగం మానేసింది. మధ్యాహ్నాలు లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. ఉద్యోగాలు వెతుక్కుంటోందని శశికళ అనుకునేది. అడగలేదు.

శశికళ కంపెనీ గోడౌన్లకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఏ సరుకు ఎప్పుడు తెప్పించాలో, ఏది ముందు పంపాలో చిన్న చిన్న నియమాలు తామే రాసుకునే వీలు కావాలని కస్టమర్లు అడుగుతున్నారు. అందుకు ఒక స్క్రిప్టింగ్ లైబ్రరీ, అంటే అలాంటి నియమాలను చదివి నడిపించే సిద్ధంగా ఉన్న కోడ్, కావాలి. కొత్తగా రాసే తీరిక లేదు కాబట్టి, ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగే ఓపెన్ సోర్స్ వాటిలో ఒకటి ఎంచమని మేనేజర్ మల్లికార్జున్ ఆమెకు అప్పగించాడు.

ఆ రోజు టీమ్‌లోని మునీంద్ర ఒక పేజీ తెరిచి చూపించాడు. “మేడమ్, ఇది చూడండి. పేరు చిటిక. చిన్నది. కోడ్ ఎంత శుభ్రంగా ఉందో! చదువుతుంటే కథ చదివినట్టుంది.”

కింద రాసినవారి పేరు ఉంది. నేత్రావతి, కాడుగోడి. పక్కన చిన్న ఫొటో. వెనకాల కనిపిస్తున్నది తమ ఇంటి వంటగది గోడే.

“మీ ఏరియానే మేడమ్. తెలుసా?” అన్నాడు మునీంద్ర.

“కాడుగోడిలో ఎంతమంది లేరు!” అంది శశికళ.

ఆ పేజీలో ఎవరెవరో రాసిన ధన్యవాదాలు ఒక్కొక్కటే చదివింది. పోలండ్ నుంచి ఒకరు, బ్రెజిల్ నుంచి ఒకరు. శశికళ పెళ్ళికి ముందు నుంచీ కోడ్ రాస్తోంది. రాసినదంతా కంపెనీ గోడల లోపలే ఉండిపోయింది. దాని మీద ఆమె పేరు ఎక్కడా లేదు. బయటివాళ్ళెవరూ దాన్ని చూడలేదు, మెచ్చుకోలేదు. పొద్దున తను చార్జర్ పీకినప్పుడు పోయింది ఇదేనా? పోతే పోయిందనిపించింది. అలా అనిపించినందుకు చెవులు వేడెక్కాయి.

మరుసటి రోజు నుంచీ పరీక్షలు మొదలుపెట్టింది. మిగతా లైబ్రరీలకు పెట్టనన్ని పెట్టింది. సరుకు సున్నాకి వచ్చేదాకా లెక్కపెడుతూ ఉండమని ఒక నియమం రాసి, సరుకు ఎప్పటికీ తగ్గకుండా చేసింది. చిటిక ఆగలేదు. సాఫ్ట్‌వేర్ మొత్తం బిగుసుకుపోయింది. శశికళ కుర్చీలో వెనక్కి వాలి, చాలా రోజుల తర్వాత క్యాంటీన్ కాఫీ బాగుందనుకుంది.

ఆఫీసు పేరు కనబడని ఖాతా నుంచి, ఒక కంపెనీ కోసం చూస్తున్నామని చెప్పి, ఆ లోపం ఎత్తి చూపుతూ, సొంత పేరు పెట్టకుండా, చిటిక పేజీలో ప్రశ్న రాసింది.

మర్నాడు సాయంత్రం అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు నేత్రావతి మొహం వెలిగిపోతోంది. “మధ్యాహ్నాలు కూర్చుని చిటిక అని ఒకటి రాసినాను, దాన్ని ఒక కంపెనీ చూస్తా ఉండాది. ఎవరో సారు ఎంత మంచి ప్రశ్న అడిగినాడో! దోసెల పిండి రుబ్బుతానే ఆలోచించి సరిచేసేసినాను. వాళ్ళు గనక తీసుకుంటే, మళ్ళీ ఉద్యోగం అడగడానికి నాకు మొహం ఉంటాది.”

“ఎవరప్పా ఆ సారు? మనోళ్ళేనా?” అంది నంజమ్మ.

“పేరు పెట్టలేదత్తా. కానీ బాగా తెలిసినాయన.”

హేమంత్‌కుమార్ భార్య వైపు తిరిగి నవ్వాడు. “శశీ, ఆ ప్రశ్న నీకేమన్నా అర్థమవుతుందా?”

“కొంచెం కొంచెం,” అంది శశికళ, చారు కలుపుకుంటూ.

శుక్రవారం రిపోర్టు రాసింది. నేత్రావతి లోపాన్ని సరిచేసేసింది కనుక దాని మీద ఏమీ రాయడానికి లేదు. ఇంకొకటి దొరికింది. ‘దీన్ని చూసుకునేది ఒక్క మనిషి. ఆమెకు వీలుకాకపోతే మనకు దిక్కుండదు. తీసుకోవద్దు.’ ఆ మాటలో అబద్ధం లేదు. ఎవరు రాసినా ఆ సంగతి రాయాల్సిందే. కానీ పోయినేడు ఒక్క మనిషి నడిపే లైబ్రరీనే తను స్వయంగా సరేనంది. ఇప్పుడు ‘వద్దు’ అని రాస్తుంటే పళ్ళెంలో ఇష్టమైన ముద్దను చివరికి మిగుల్చుకుని తిన్నట్టుంది.

మల్లికార్జున్ చదవను కూడా లేదు. “మీరు వద్దంటే వద్దే మేడమ్. పంపించెయ్యండి, నేను సరే అంటాను.”

శశికళ వేలు మౌస్ మీదే ఉండిపోయింది. ఇంకొకరెవరైనా ఆపితే బాగుండుననిపించింది. ఎవరూ ఆపలేదు.

“ఒక్క నిమిషం సార్. మీతో ఒకటి చెప్పాలి,” అంది.

ఆదివారం పొద్దున అందరూ టిఫిన్‌కి చేరారు. నేత్రావతి భర్త తేజస్ పాపకు దోసె తుంచి పెడుతున్నాడు. నేత్రావతి పొయ్యి దగ్గరుంది.

“ఒక మాట,” అంది శశికళ. గొంతు పెంచలేదు. “చిటికను చూస్తున్నది మా కంపెనీయే. ప్రశ్న అడిగిన సారు నేనే.”

నేత్రావతి చేతిలో గరిటె ఆగింది.

“నేత్ర నా తోటికోడలని ఆఫీసులో చెప్పేశాను. నా రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. మునీంద్ర అని ఇంకొకతను మొదటి నుంచీ చూస్తాడు. తీసుకుంటారో లేదో నాకు తెలీదు. అడగను కూడా.”

“అంటే నీకు పని పోయిందా ఏమమ్మా?” అంది నంజమ్మ కంగారుగా.

“లేదత్తా. ఈ ఒక్కటి చెయ్యనన్నాను.”

“ఎందుకొదినా? నువ్వుంటే మేలే కదా,” అన్నాడు తేజస్.

శశికళ పొయ్యి వైపు చూసింది. “వద్దని రాశాను. రాస్తుంటే నాకు హాయిగా ఉండింది. అందుకని.”