పల్లవితో ఆగిపోయిన జవాబు

నేను ఒక స్టోర్డ్ ప్రొసీజర్‌ని. అంటే డేటాబేసులో దాచిపెట్టి, పిలిచినప్పుడల్లా పని చేయించుకునే కంప్యూటర్ రాతను. ఒక ప్రైవేటు బస్సుల కంపెనీలో నా కొలువు. ఫలానా ఊరికి బస్సుందా అని అడిగితే జవాబు వెతికి ఇస్తాను. నాకు చెవులెక్కడివని అడక్కండి. ఆత్మకథ చెప్పుకునేవాళ్లకు అన్నీ ఉంటాయి.

నన్ను రాసిన పేరిశాస్త్రిగారు నిదానస్తుడు. మూడు విడతల్లో జవాబు చెప్పడం నేర్పారు. మొదట నేరుగా వెళ్లే బస్సులు, రెండో విడతలో ఒకచోట దిగి మారాల్సినవి, చివర చుట్టుదారివి. ఒక విడత అందుకుని ‘తర్వాత?’ అని అడిగితేనే ఇంకోటి ఇస్తాను.

ఆయన రిటైరయ్యాక వకుళ చేతికొచ్చాను. చురుకైన పిల్ల. బస్టాండు కిటికీలో గుమాస్తా నన్ను అడిగే కంప్యూటర్‌కు ముచ్చటైన కొత్త తెర తయారుచేసింది. కానీ ఆ తెర మొదటి విడత అందుకోగానే తలుపు మూసేసేది. పప్పన్నంతోనే విస్తరి మడిచేసే అతిథికి పెరుగెలా వడ్డించను? నేరుగా బస్సు లేని ఊరికల్లా ‘బస్సు లేదు’ అని పడేది. తెర చెబితే మనుషులు నమ్ముతారు, పక్కనే బస్సు హారన్ కొడుతున్నా సరే.

తన తెర ఎలా పనిచేస్తోందో చూద్దామని ఒక మధ్యాహ్నం వకుళ బస్టాండుకొచ్చింది. అప్పుడే నాదస్వరం మస్తాన్ సాహెబు, డోలు మోస్తున్న తమ్ముడితో కిటికీ దగ్గరకు పరుగున వచ్చాడు.

“చిలకలపాడుకు బస్సుందా అయ్యా? సాయంత్రం పెళ్లి. మా కారు దారిలో చెడింది.”

గుమాస్తా వీరాంజనేయులు మీట నొక్కి, “లేదు సాయిబుగారూ” అన్నాడు.

“మేళం లేకుండా తాళెట్టా కడతారయ్యా!”

రెండో విడత నా చేతిలోనే ఉంది. అరుద్దామంటే నాకు గొంతు లేదు. ఏడుపొచ్చింది.

సాహెబు బెంచీ మీద కూలబడి, దిగులు ఆపుకోలేక సన్నాయి అందుకున్నాడు. బస్టాండంతా అటు తిరిగింది. పల్లవి అయ్యేసరికి పెళ్లి గుర్తొచ్చి ఆపేశాడు.

“అయ్యో, పల్లవితోనే ఆపేశారేందండీ? తర్వాత?” అంది వకుళ.

అంటూనే నాలుక కరుచుకుంది. “తర్వాతా అని నేనెప్పుడన్నా అడిగానా!” అంటూ లాప్‌టాప్ తెరిచింది. నన్ను మొదటిసారి చివరిదాకా చదివింది. జవాబు పూర్తయ్యేదాకా ‘తర్వాత?’ అని అడిగేలా తన తెరను సరిచేసింది.

“మళ్లీ నొక్కు బాబాయ్!”

“ఉంది! అదిగో, ఆ పచ్చబస్సే! అడ్డరోడ్డులో దిగి ఇంకోటెక్కాలి. పరుగెత్తండి సాయిబుగారూ! చేరినాక నాకు ఫోన్ చెయ్యండి!” అని వీరాంజనేయులు తన నంబరు రాసిచ్చాడు.

కదులుతున్న బస్సును ఆపి మరీ, డోలుతో సహా ఎక్కారు.

సాయంత్రం వీరాంజనేయులు ఫోన్ మోగింది. అందరికీ వినబడేలా పెట్టాడు. పలకరింపు లేదు, మాటా లేదు. గట్టిమేళం! తాళి పడింది. వకుళ కళ్లు తుడుచుకుంది. మేళం ఆగగానే, అలవాటై కాబోలు, “తర్వాత?” అంది.

సాహెబు నవ్వు వినిపించింది. “తర్వాతేముంది తల్లీ, భోజనాలే! పెరుగు పడందే లేచేది లేదు!”