ధనుర్మాసంలో కత్తెర

చదువెక్కువైతే ఒక్కోసారి కళ్ళెదుటి చెట్టు కూడా కనపడదు. శరత్‌చంద్రకి అచ్చంగా అదే అయింది. గవర్నర్‌పేటలో ఆఫీసు పెట్టుకుని తోటలకు సలహాలు చెప్పే మనిషి. పోయిన డిసెంబరులో ఆగిరిపల్లి వచ్చి, శివపార్వతి మామిడితోటలో రైతులందరి ముందూ ఉపన్యాసం దంచాడు.

"కొమ్మలు ఒకదానిమీదొకటి ఎక్కితే లోపలి ఆకుకి ఎండెక్కడిదండీ? నడిమి కొమ్మలు తీసేయండి, చివర్లు కత్తిరించండి. వెలుతురు మొదలుదాకా దిగాలి."

శివపార్వతి అత్తగారు బుల్లెమ్మ అడ్డుపడింది. "ధనుర్మాసంలో మామిడికి కత్తి తగలకూడదు బాబూ."

"చెట్టుకి పంచాంగం తెలుసా మామ్మగారూ?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

ఇప్పుడు మే నెల. తోటలో ఎండ చక్కగా దిగింది, ఏం లాభం? నాలుగెకరాల్లో ఒక్క కాయ లేదు. మామిడి పూసేది కొమ్మ చివరే. సరిగ్గా పూతకొచ్చే వేళ ఆ చివర్లే కోయించాడు మహానుభావుడు. కాయ కోతలైపోయాక, జూన్‌లో చేయించాల్సిన పని అది. పాత నోట్సు తిరగేస్తే ఆ సంగతి బయటపడి, సిగ్గుతో చచ్చిపోయాడు. ఒప్పుకుందామనే తోటలో ఉన్న శివపార్వతి ఇంటికి బయల్దేరి వచ్చాడు.

తీరా రైతులు చుట్టూ చేరేసరికి నోరు పెగల్లేదు. ఈలోగా శివపార్వతే అందుకుంది. "సారు సరిగ్గానే చెప్పారండీ. నేనే ఎక్కువ కోయించేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది."

"ఆడమనిషి సేద్యం మరి," అని ఎవరో గొణిగారు. శరత్‌చంద్ర మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాడు. రైతులు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

కారెక్కబోతుంటే శివపార్వతి ఒక సంచీ తెచ్చి ఇచ్చింది. నిండా బంగినపల్లి పళ్ళు.

"ఇవెక్కడివమ్మా?"

"నున్న మార్కెట్లో కొన్నానండీ. కాయల రోజుల్లో తోటకొచ్చినోళ్ళని ఉత్తచేతుల్తో పంపకూడదు కదండీ."

శరత్‌చంద్ర సంచీ అందుకున్నాడు. "అమ్మా, తప్పు మీది కాదు. కోయకూడని నెలలో కోయమంది నేను. మామ్మగారి మాటే నిజం," అన్నాడు తలెత్తకుండానే.

శివపార్వతి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపంతా వచ్చేసింది.

అరుగు మీంచి బుల్లెమ్మ అంది: "మాకు చెప్తే ఏం లాభం బాబూ? దాన్ని తెలివితక్కువదన్నోళ్ళు ఊళ్ళో ఉన్నారు. ఆళ్ళకి చెప్పు."

శరత్‌చంద్ర సంచీ కారులో పెట్టి తలుపు మూశాడు. ముందుగా ఎవరింటికి వెళ్ళాలో బుల్లెమ్మనే అడిగాడు.