రెండో గడి

"జన్యు సవరణ వద్దన్నారేంటమ్మా? భయమా?"

డాక్టరమ్మ ఆ మాట అడిగింది నన్ను కాదు, నా పక్కన కూర్చున్న అక్కని. 

వద్దన్నది అక్క కాదు. నేను.

మా ఇద్దరిదీ ఒకే జబ్బు, నాన్న నుంచి వచ్చింది. చూపు అంచుల నుంచి మూసుకొస్తుంది. అక్కకి వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. నాకింకా గడియారంలోని పళ్లచక్రాలు కనిపిస్తున్నాయి. ఎన్నాళ్లో తెలియదు. మా రిపేరు కొట్టు నా కళ్ల మీదే నడుస్తోంది. ఈ కొత్త చికిత్సకి ఇంటికి ఒక్కరినే తీసుకుంటారు. చూపు ఎక్కువ పోయినవాళ్లకే ముందు అవకాశం.

అక్క కాగితాలన్నీ నేనే చదివి నింపుతాను. సంతకం పెట్టాల్సిన చోట గోటితో గీత నొక్కుతాను. తను వేలితో తడిమి సంతకం చేస్తుంది. ఇరవై ఏళ్ల అలవాటు. పోయిన వారమూ అంతే.

"మొదటి గడి కావాలి, రెండోది వద్దు," అని చదివాను.

"కావాలనే పెట్టరా. అద్దంలో నా ముసలి మొహం చూసి నేనే జడుసుకోవాలి!" అని నవ్వింది.

నేను రెండో గడిలో టిక్కు పెట్టాను.

ఇప్పుడు డాక్టరమ్మ ముందు అక్క నా వైపు తల తిప్పింది. తర్వాత, "అవునండీ, భయమేసింది," అంది.

వరండాలోకి రాగానే అడిగాను. "ఎందుకక్కా అబద్ధం చెప్పావు?"

"నలుగురిలో నీ పరువు తియ్యమంటావా? పెన్ను అంత గట్టిగా నొక్కితే ఎలారా? నీ గోటిగీత వెతుకుతుంటే రెండో గడిలో గుంట తగిలింది."

"ఆ రోజే తెలుసా? మరి సంతకం ఎందుకు పెట్టావు?"

"నువ్వే దిద్దుతావేమోనని వారం చూశాను."

తల కొట్టేసినట్టయింది. వెనక్కి వెళ్లి డాక్టరమ్మకి నిజం చెప్పాను. ఆవిడ నా వైపు చూడకుండానే కొత్త కాగితం తీసి, "ఈసారి ఆమె చేతే పెట్టించండి," అంది.

అక్క చేతికి పెన్నిచ్చి, వేలు పట్టుకుని మొదటి గడి మీద ఆనించాను.

తను పెన్ను దించలేదు.

"ఇది మొదటిదేనా?"

 తలుపు దగ్గరున్న నర్సుని పిలిచాను.

"అమ్మా, మీరు చెప్పండి."

నర్సు వంగి చూసి అవునంది. అప్పుడు పెట్టింది అక్క టిక్కు.